ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తరువాత కాగితం పరిశోధనలో ప్రభుత్వోద్యోగం: పని ఎలా ఉంటుంది, వెళ్ళొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయింది, సెల్యులోజ్ (మొక్కల పోగుల్లో ఉండే పదార్థం) మీద చిన్న ప్రాజెక్టు చేశారు, ప్రభుత్వ ల్యాబుల్లో కాగితం మీదే పనిచేసే కెమిస్టులు ఉంటారని విన్నారు. అక్కడ అసలు పనేమిటి, ఎలా చేరాలి, రిటైరయ్యేదాకా నిలబడే ఉద్యోగమేనా అని అడిగారు. "అంతా ఫోన్లలోకి పోతుంటే కాగితం మీద రీసెర్చేమిటి" అని మీ నాన్నగారు అంటున్నారని కూడా రాశారు.

సూటిగా చెబుతానమ్మా. వెళ్ళొచ్చు. కానీ "పేపర్ కెమిస్ట్" అనే పేరుతో పోస్టు పడుతుందని కూర్చుంటే ఏళ్ళు గడిచిపోతాయి. కెమిస్టుగా ఎక్కడో ఒక చోట చేరి, అక్కడినుంచి కాగితంలోకి దిగాలి. కేంద్ర ప్రభుత్వ ల్యాబులో నేనూ అలాగే కాగితం సెక్షన్‌కి వచ్చాను, అక్కడే రిటైరయ్యాను.

ఇంకో మాట ముందే అనుకుందాం. ఈ ఉద్యోగంలో కొత్త కాగితం కనిపెట్టడం తక్కువ. కాగితం గురించి ఇంకెవరో చెప్పినది నిజమో కాదో తేల్చి, రిపోర్టు కింద సంతకం పెట్టడం ఎక్కువ. ఆ సంతకాన్ని బట్టి ఒకరి బిల్లు ఆగుతుంది, ఇంకొకరి దావా నిలుస్తుంది. ఇది చప్పటి పని అనిపిస్తే మీకు వేరే దారులు చాలా ఉన్నాయి.

ఎక్కడెక్కడ ఉంటారు ఈ కెమిస్టులు?

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సెల్యులోజ్, పేపర్ విభాగం ఉంది. మన దేశంలో ఈ వృత్తికి పుట్టిల్లు అదే. సహారన్‌పూర్‌లో సెంట్రల్ పల్ప్ అండ్ పేపర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1980లో పెట్టారు. మిల్లుల గుజ్జు, బ్లీచింగ్, కాలుష్యం లాంటి సమస్యలన్నీ అక్కడికి చేరతాయి. చేతి కాగితానికి జైపూర్ పక్కన సాంగానేర్‌లో గాంధేయవాది కుమారప్ప పేరుమీద సంస్థ ఉంది. పాత రికార్డుల సంరక్షణకు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ ల్యాబు ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ల్యాబులు, నోట్ల కాగితం చేసే నర్మదాపురం (పాత హోషంగాబాద్), మైసూరు మిల్లులు, ఫోరెన్సిక్ ల్యాబుల్లోని డాక్యుమెంట్ విభాగాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. డాక్యుమెంట్ల పనికి మనవాళ్ళు ఉత్తరాదికి పోనక్కర్లేదు. అనుమానాస్పద పత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది.

రోజువారీ పని

ఒక ఉదాహరణ చెబితే బోధపడుతుంది. పాఠ్యపుస్తకాలకో, ఆఫీసు స్టేషనరీకో ఒక శాఖ టెండరు పిలిచి మాప్‌లిథో (రాతకు, అచ్చుకు వాడే) కాగితం కొంటుంది. కాగితం బీఐఎస్ ప్రమాణమైన ఐఎస్ 1848 ప్రకారం ఉండాలని టెండరులో రాస్తారు. సరుకు దిగాక నమూనాలు సీలు వేసి మనకు పంపుతారు. మనం జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు), తెల్లదనం, అపారదర్శకత, చిరుగుడు బలం, నీరు పీల్చే గుణం, పీహెచ్, బూడిద వరుసగా చూసుకుంటూ పోతాం.

జీఎస్ఎం అంటే ఏముంది, తూస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. అసలు తగాదాలన్నీ అక్కడే వస్తాయి. కాగితం గాలిలో తేమను పీలుస్తుంది. జూలై ముసురులో నమూనా కట్ట విప్పి వెంటనే తూస్తే 60 జీఎస్ఎం కాగితం 62 చూపిస్తుంది. అదే నమూనా ఏసీ గదిలో ఎండిపోయాక 59కి దిగొచ్చు. అందుకే 23 డిగ్రీల ఉష్ణోగ్రత, 50 శాతం తేమ ఉన్న గదిలో కాగితాన్ని ఆరబెట్టి, బరువు నిలకడపడ్డాకే తూయాలి. మన దేశంలో చాలాకాలం 27 డిగ్రీలు, 65 శాతం తేమ వాడేవాళ్ళం. సరఫరాదారు ల్యాబు ఒక పద్ధతిలో, మన ల్యాబు ఇంకో పద్ధతిలో చేస్తే ఇద్దరివీ నిజమైన అంకెలే, కానీ కలవవు. నా దగ్గరికి వచ్చిన రీటెస్ట్ వివాదాల్లో ఎక్కువ వాటికి మూలం కాగితంలో కాదు, తూచిన గదిలో ఉండేది. మీ మొదటి ఉద్యోగంలో ఆ గది తేమ మీటరు చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేశారో అడగండి. పై అధికారికి కొంచెం చిరాకు రావచ్చు, అయినా అడగండి.

బూడిద పరీక్ష నాకు బాగా ఇష్టమైనది. కాగితంలో గుజ్జు ఖరీదు, ఫిల్లర్ (గుజ్జులో కలిపే ఖనిజపు పొడి) చవక. కాబట్టి ఫిల్లర్ దట్టించి బరువు తేల్చాలన్న ఆశ ఎప్పుడూ ఉంటుంది. తూచిన ముక్కలను వేడికి తట్టుకునే చిన్న గిన్నె క్రూసిబుల్‌లో పెట్టి మఫిల్ ఫర్నేస్‌లో 525 డిగ్రీల దగ్గర కాలుస్తాం. గుజ్జు కాలిపోయి ఫిల్లర్ మిగులుతుంది. ఇంకో నమూనాను 900 డిగ్రీల దగ్గర కాలుస్తాం. ఫిల్లర్ కాల్షియం కార్బొనేట్ అయితే 900 దగ్గర కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నంగా మారుతుంది, 44 శాతం బరువు తగ్గుతుంది. అంటే 525 దగ్గర బూడిద 18 శాతం వచ్చి 900 దగ్గర 10కి పడిపోతే, ఆ ఫిల్లర్ దాదాపు అంతా కార్బొనేటే. 18 కాస్తా 17 దగ్గర ఆగితే అది టాల్క్ లాంటిదేదో. ఇందుకు ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు, ఫర్నేసు, త్రాసు చాలు. క్రూసిబుల్‌ను వేడిగా తూయకుండా, తేమ చేరని గాజుపాత్ర డెసికేటర్‌లో చల్లారేదాకా ఆగే ఓపిక మాత్రం ఉండాలి.

మైక్రోస్కోపు నేర్చుకోండి. ఎమ్మెస్సీలో ఇది ఎవరూ నేర్పరు. కాగితాన్ని నీళ్ళలో ఉడికించి పోగులు విడదీసి, స్లైడు మీద ఆరబెట్టి, హెర్జ్‌బెర్గ్ స్టెయిన్ ఒక చుక్క వేస్తారు. పత్తి, గుడ్డపీలికల పోగు వైన్ ఎరుపులోకి, రసాయనాలతో ఉడికించిన కర్రగుజ్జు నీలంలోకి, నూరి చేసిన మెకానికల్ గుజ్జు పసుపులోకి తిరుగుతాయి. రంగు తెలిస్తే సగం పనే అయినట్టు. ఆ పోగు వెదురుదా, సుబాబుల్‌దా, గడ్డిదా, చెరకు పిప్పిదా అన్నది ఆకారం బట్టి చెప్పాలి. గడ్డిలో రంపపు అంచుల కణాలు కనిపిస్తాయి. విదేశీ మెత్తకర్రలో పోగులు రిబ్బన్లలా పొడుగ్గా, వెడల్పుగా ఉంటాయి. పుస్తకంలో బొమ్మలు చూస్తే ఇది రాదు. తెలిసిన చెట్లతో మీరే గుజ్జు చేసి, స్లైడ్లు తయారుచేసి, పక్కన పెట్టుకుని పోల్చాలి. మంచి ల్యాబుల్లో ఇలాంటి స్లైడ్ల పెట్టె ఒకటి ఉంటుంది. పోస్టింగ్ వచ్చిన మొదటి వారంలోనే ఆ పెట్టె ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి.

పరిశోధన అనే మాటకు అర్థం దొరికేది ముడిసరుకు దగ్గర

విలియం రెయిట్ పేరు మీరు వినే ఉండరు. డెహ్రాడూన్‌లో భారత ప్రభుత్వపు సెల్యులోజ్ నిపుణుడిగా పనిచేశాడు. వెదురుతో మంచి కాగితం చేయొచ్చని మిల్లుల స్థాయిలో నమ్మకం కలిగించిన పని ఆయనది. వెదురులోని పిండిపదార్థం, పెక్టిన్ల లాంటివి తేలిగ్గా కరుగుతాయి, పోగులను అంటించి ఉంచే లిగ్నిన్ మొండిది. అన్నిటినీ ఒకేసారి ఘాటు క్షారంలో ఉడికిస్తే క్షారం వృథా, గుజ్జు రంగు పాడు. అందుకని ముందు తేలికవాటిని, తరువాత లిగ్నిన్‌ను విడివిడిగా లాగే పద్ధతి ఆయన రూపొందించాడు. 1931లో ఆ పనంతా పుస్తకంగా వేశాడు. ఈలోగా 1925లో వెదురు కాగితపు పరిశ్రమకు రక్షణ సుంకాలిస్తూ ప్రభుత్వం చట్టమే చేసింది. ల్యాబు డైజెస్టర్‌లో (గుజ్జు ఉడికించే పాత్రలో) తేలే మాట ఎంత దూరం పోతుందో చూడండి.

తరువాత కథ మన ఊళ్ళదే. రాజమండ్రి, కాగజ్‌నగర్, భద్రాచలం దగ్గరి సారపాక మిల్లులు చాలాకాలం అడవి వెదురు మీదే ఆధారపడ్డాయి. మిల్లులకు కావలసిన ముడిసరుకు రైతుల దగ్గర పెంచించుకోవాలని 1988 అటవీ విధానం చెప్పింది. అప్పటినుంచి ప్రకాశం, గుంటూరు వైపు సుబాబుల్, కోస్తా ఇసుకనేలల్లో సరుగుడు, ఖమ్మం వైపు జామాయిల్ పెరుగుతూ వచ్చాయి. పేపర్ కెమిస్టుకు కొత్త చెట్టు వచ్చిందంటే పని మొదటికొచ్చినట్టే. ఎంత క్షారం, ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు, గుజ్జు ఎంత దిగుబడి, కప్పా నంబరు ఎంత అని వంట మీద వంట చేయాలి. కప్పా నంబరు అంటే గుజ్జులో మిగిలిన లిగ్నిన్‌కి కొలత. దాన్ని 0.15తో గుణిస్తే లిగ్నిన్ శాతం దాదాపుగా వస్తుంది. అంకెలు చూసి గ్రాఫులు గీసుకోవడం కాకుండా గుజ్జును చేత్తో పట్టి చూసేవాళ్ళే ఈ పనిలో బాగా ఎదిగారు. సరిగ్గా ఉడికిందా లేదా అన్నది వేళ్ళ మధ్య నలిపితేనే సగం తెలిసిపోతుంది.

తెలుగువాళ్ళలో ఎవరికైనా నేను పేపర్ కెమిస్టునని చెబితే వచ్చే మొదటి ప్రశ్న ఒకటుంది: "మనకింత వరిగడ్డి ఉంది కదా, తగలబెట్టే బదులు కాగితం చేయొచ్చుగా?" చేయొచ్చు, చేశారు కూడా. ఇబ్బంది గుజ్జుతో కన్నా ఉడికించిన తరువాత మిగిలే నల్లద్రవంతో ఎక్కువ. కర్రలో బూడిద ఒక శాతానికి అటూఇటూ ఉంటే, వరిగడ్డిలో 12 నుంచి 18 శాతం దాకా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. అది క్షారంలో కరిగి బ్లాక్ లిక్కర్‌లోకి చేరుతుంది. ఆ ద్రవాన్ని చిక్కబరిచి, కాల్చి, సోడాను తిరిగి పట్టుకుంటేనే మిల్లుకు గిట్టుతుంది, నదికీ మంచిది. సిలికా ఉంటే ద్రవం జిగటపడుతుంది, ఆవిరి గొట్టాల లోపల గట్టి పొర కడుతుంది, సున్నపు మడ్డిని మళ్ళీ కాల్చి వాడుకోవడానికి పనికిరాదు. అందుకే చిన్న మిల్లులు సోడాను తిరిగి పట్టుకోవడం మానేసి ద్రవాన్ని కాలవల్లోకి వదిలేవి, కాలుష్య నియంత్రణ గట్టిపడ్డాక అవి చాలావరకు మూతపడ్డాయి. పైగా గడ్డిగుజ్జు నుంచి నీరు తొందరగా దిగదు, కాబట్టి యంత్రం వేగంగా నడవదు. ఈ సిలికా సమస్యకు చవకైన పరిష్కారం చూపగలిగితే మీ కెరీర్‌కి అదొక్కటి చాలు. నేను వెటకారంగా అనడం లేదు, ఇప్పటికీ తలుపు తెరిచే ఉన్న సమస్య అది.

పాత కాగితాలు

హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘల్ కాలపు పారశీ పత్రాలున్నాయి. షాజహాన్, ఔరంగజేబుల నాటి కాగితం ఇప్పటికీ పట్టుకుంటే నిలుస్తుంది. మీ ఇంట్లో అటక మీద 1960ల నాటి వారపత్రిక ఉంటే తీసి మూల మడిచి చూడండి, విరిగి చేతిలోకి వస్తుంది. మొఘల్ పత్రాలు గుడ్డపీలికల గుజ్జుతో, గంజిపూతతో చేతులతో చేసినవి. పత్రిక కాగితంలో నూరిన కర్ర ఉంటుంది, లిగ్నిన్ అందులోనే ఉండిపోతుంది. మన దేశపు మొదటి న్యూస్‌ప్రింట్ మిల్లు, మధ్యప్రదేశ్‌లోని నేపా, అడవి సలై కర్రను నూరే చేసేది. దీనికి తోడు పటిక. సిరా పాకకుండా రోజిన్, పటిక కలిపి సైజింగ్ చేసే పద్ధతి 1807లో జర్మనీలో మోరిట్జ్ ఇల్లిగ్ ప్రకటించాడు. కాగితం పరిశ్రమకు అది వరం, కాగితానికి శాపం. పటిక నుంచి పుట్టే ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను కొంచెం కొంచెంగా తెంపుతూ పోతుంది.

నేషనల్ ఆర్కైవ్స్ ల్యాబులో మనవాళ్ళు చేసిన ఒక పని ప్రపంచమంతా ఎరుగుతుంది. పెళుసుబారిన కాగితానికి రెండువైపులా సెల్యులోజ్ అసిటేట్ పొర, దానిమీద పలుచని టిష్యూ పెట్టి, అసిటోన్‌లో ముంచిన దూదితో అద్దుతారు. పొర కరిగి కాగితాన్ని, టిష్యూను పట్టుకుంటుంది. వేడి ప్రెస్సు అక్కర్లేదు, కరెంటు లేని చోటా చేయొచ్చు. 1950లలో వచ్చిన ఈ పద్ధతికి విదేశాల్లో "ఇండియన్ ప్రాసెస్" అనే పేరే పడింది. కెమిస్టు గొప్పదనం అంటే నాకు ఇదే. మనకున్న ఎండకు, మనకున్న బడ్జెట్‌కు సరిపోయే పరిష్కారం. అసిటేట్ పొరకు దాని ఇబ్బందులు దానికి ఉన్నాయి, కాగితంలోని ఆమ్లాన్ని ముందే తీసేయకుండా పొర వేస్తే రోగాన్ని లోపలపెట్టి తలుపేసినట్టే. ఇప్పుడు దాన్ని వీలైనంత తగ్గించి, జపనీస్ టిష్యూ, పిండి జిగురు వాడుతున్నారు.

దయచేసి ఒక ప్రచారం చేయండి: భూమి పత్రాలు, పాత దస్తావేజులు బజారులో వేడి ప్లాస్టిక్ లామినేషన్ చేయించొద్దని. ఒక జిల్లా కార్యాలయం నుంచి అలాంటి కట్ట మా దగ్గరకు వచ్చింది. వేడికి సిరా రంగు మారింది, ప్లాస్టిక్ తీస్తే కాగితం దానితోపాటే ఊడొస్తోంది. ఎంతో కొంత ఒప్పించి ఫొటోలు తీయించి పంపించాం, అంతకుమించి చేయగలిగిందేమీ లేదు.

కోర్టు పనులు

ఒక వీలునామాపై పాత తేదీ ఉంటుంది, అది నిజంగా అప్పటిదేనా అని కోర్టు అడుగుతుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే కాగితం నీలంగా మెరిసిందంటే అందులో తెల్లదనం కోసం కలిపే బ్రైటెనర్ ఉన్నట్టు. ఈ రసాయనాలు కాగితంలోకి వచ్చింది రెండో ప్రపంచయుద్ధం తరువాతే. 1983లో జర్మనీలో హిట్లర్ డైరీలంటూ ఒక పత్రిక అచ్చేసిన కట్టలు నకిలీవని ప్రభుత్వ ల్యాబులు తేల్చింది ఇలాంటి ఆధారంతోనే. కాగితంలో బ్రైటెనర్, బైండింగులో పాలియెస్టర్ దారం దొరికాయి. అంత ప్రఖ్యాత చరిత్రకారులు అక్షరాలు చూసి నమ్మినదాన్ని కెమిస్టులు దారం పోగు చూసి కొట్టేశారు.

కానీ ఇక్కడ నోరు అదుపులో పెట్టుకోవాలి. కాగితం "ఫలానా ఏడాదికి ముందుది కాదు" అని చెప్పగలదు. "ఫలానా ఏడాదిదే" అని ఎప్పుడూ చెప్పలేదు. పాత కాగితం ఎక్కడైనా దొరుకుతుంది, దానిమీద నిన్న కూడా రాయొచ్చు. వకీళ్ళు మీచేత ఆ రెండో మాట అనిపించాలని నానా తంటాలు పడతారు. బోనులో నిలబడి "అది ఈ పరీక్షతో తేలదండీ" అని మూడోసారి కూడా మొదటిసారంత నెమ్మదిగా చెప్పగలిగితే మీరు ఈ పనికి పనికొస్తారు.

జీతం, ఎదుగుదల

సైంటిస్ట్-బిగా చేరితే ఏడో వేతన సంఘం లెక్కలో లెవెల్ 10, మూల వేతనం 56,100. సి, డి, ఇ అంటూ పైకి ఇంటర్వ్యూలు, మదింపులతో వెళతారు. ఖాళీ ఉంటేనే ప్రమోషన్ అనే బాధ సైంటిస్టుల శ్రేణిలో తక్కువ. సాంకేతిక సహాయకుల శ్రేణిలో చేరితే మాత్రం కదలిక మెల్లగా ఉంటుంది, చేరేముందు ఏ శ్రేణో స్పష్టంగా చూసుకోండి. ప్రైవేటు మిల్లులో మీ బ్యాచ్‌మేట్ కొన్నేళ్ళకే మీకన్నా ఎక్కువ తెచ్చుకుంటారు, అది తప్పదు. అయితే మిల్లు మూతపడితే వాళ్ళ పరిస్థితి వేరు. కాగజ్‌నగర్ మిల్లు 2014 నుంచి 2018 దాకా మూతపడ్డప్పుడు ఆ ఊరు ఏమైందో అక్కడివాళ్ళనడిగితే చెబుతారు.

చేరే దారులు: గేట్ కెమిస్ట్రీ రాయండి, బీఐఎస్ సైంటిస్ట్ పోస్టులు ఆ స్కోరుతోనే తీసుకుంటారు. డెహ్రాడూన్ సంస్థకు దాని మాతృసంస్థ అటవీ పరిశోధన మండలి విడిగా పరీక్ష పెడుతుంది. పీహెచ్‌డీ చేయాలనుకుంటే డెహ్రాడూన్‌లోనూ, ఐఐటీ రూర్కీ వారి సహారన్‌పూర్ క్యాంపస్‌లోని పేపర్ టెక్నాలజీ విభాగంలోనూ చూడండి. ఈలోగా ప్రాజెక్ట్ ఫెలోగా ఎక్కడైనా ఏడాది చేసినా మంచిదే. పర్మనెంట్ కాదని తీసిపారేయకండి, ఇంటర్వ్యూలో కప్పా నంబరు ఎలా తీస్తారని అడిగితే తడుముకోకుండా చెప్పేది చేసినవాళ్ళే. కొంచెం హిందీ కూడా నేర్చుకోండి, సహారన్‌పూర్‌లో ల్యాబ్ అటెండెంటుతో మాట్లాడటానికే మీకది ఎక్కువ అవసరం.

ఇక నాన్నగారి మాట. రాసే కాగితం విషయంలో ఆయన అన్నదాంట్లో నిజం ఉంది, వార్తాపత్రికల కాగితం వాడకం తగ్గిందని మీకూ కనబడుతూనే ఉంది. కానీ 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని నిషేధించాక స్ట్రాలు, ప్లేట్లు లాంటివి చాలాచోట్ల కాగితానికి మారాయి. అందులో పూత ఏమిటి, వేడి టీకి ఏం వదులుతుంది, నేలలో కలుస్తుందా అని అడిగేవాళ్ళు పెరిగారు. ఆన్‌లైన్‌లో కొన్న ప్రతి వస్తువూ అట్టపెట్టెలోనే వస్తోంది, ఆ అట్ట పగిలే బలం కొలిచేది కూడా మనమే. కాబట్టి ల్యాబులో నమూనాల బల్ల ఖాళీ అవదు, బల్ల మీదికొచ్చే సరుకు మారుతుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ మీది కాబట్టి పూతలు, జిగుర్ల వైపు వెళితే మీకు తేలిగ్గా ఉంటుందని నా అభిప్రాయం.

గేట్‌కి ఏ చాప్టర్లు చదవాలో నన్నడగొద్దు, నేను రాసిన కాలం వేరు. స్టెయిన్ల తయారీ, స్లైడ్ల గురించి మాత్రం అడగండి, విడిగా రాస్తాను.